సోమలింగం కారులో చప్పుడు

ఆదివారం పొద్దున కారు గేరుబాక్సులో ఉన్న నూనె సోమలింగం చొక్కా జేబులో పడింది. జేబులో ఫోనుంది. ఫోనులో వియ్యంకుడున్నాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. నూనె చల్లగానే ఉంది. వియ్యంకుడు నరహరి గారు భుసావల్ దాటిన రైల్లో కిటికీ పక్కన కూచుని ఉన్నారు కాబట్టి ఆయన మీద ఒక్క చుక్క కూడా పడలేదు. ఫోను మాత్రం "బావగారూ, మీ కారుకెందుకు తక్లీఫు, మేం ఉధ్నాల దిగి ఆటో పట్టుకొని..." అన్నంతవరకూ స్పష్టంగా చెప్పి, రెండు గుటకలు మింగి, ఊరుకుంది.

కారు కిందనుంచి సోమలింగం కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. టార్చి పట్టుకుని పక్కన గొంతుక్కూచున్న నేను దాన్ని ఇంకాస్త దగ్గరగా పట్టాను.

"సారూ," అంది కారు.

"చెప్పండి."

"మగ్గంల షాఫ్టు గుంజితె షాఫ్టే వస్తది."

"మరి ఇందులో?"

"దీంట్ల కడుపుల ఉన్నదంత వస్తది."

ఈ ఒక్క ముక్కలో ఆయన జీవితమూ, ఆ పొద్దుటి పొరపాటూ రెండూ ఉన్నాయి. సోమలింగం మరమగ్గాల జాబర్. అంటే నేసే మనిషి కాదు, నేసే యంత్రం మొరాయిస్తే దాని మెడలు వంచే మనిషి. సిరిసిల్లనుంచి మీసం మొలవని వయసులో సూరత్ వచ్చి, జోల్వాలో మగ్గాల షెడ్లలోనే మీసం మొలిపించుకుని, అక్కడే దాన్ని నెరిపించుకున్నాడు. మగ్గానికి నూనె అంటే ముక్కు పొడుగు డబ్బాతో చుక్క ఇక్కడ, చుక్క అక్కడ. ఇరుసు చివర ఒక చెరువు ఉంటుందనీ, ఇరుసు లాగేముందు ఆ చెరువుకి గండి కొట్టి కింద బేసిను పెట్టాలనీ మగ్గం ఆయనకెప్పుడూ చెప్పలేదు.

బమ్రోలిలో ఆయన మా ఇంటి ఓనరు. కింద వాళ్లుంటారు, పైన మేముంటాం. నాది బ్యాంకు ఉద్యోగం. ఆదివారాలు నాకు పనేమీ ఉండదని ఆయనకి గట్టి నమ్మకం. అందుకే టార్చి.

ఇంతకీ ఆ ఇరుసు ఎందుకు లాగాల్సి వచ్చిందో చెప్పాలి. ముందు చక్రాలు లాగే కార్లలో ఇంజను దగ్గర్నుంచి చక్రాలకి రెండు ఇరుసులు వెళతాయి. ఈ కారులో ఎడమది పొట్టి, కుడిది పొడుగు. ఆ పొడుగుదానికి నడుం దగ్గర ఊతం ఉండాలని ఇంజను వెనకాల ఒక బేరింగు బిగిస్తారు. సపోర్టు బేరింగు అంటారు దాన్ని. సోమలింగం కారులో అది అరిగిపోయి ఏళ్లయింది. కారు కదలగానే అది మూలగడం మొదలుపెట్టేది. వేగం పెరిగేకొద్దీ మూలుగు కాస్తా గుర్రుగా, గుర్రు కాస్తా గర్జనగా మారేది. పాండేసరా మలుపు దగ్గర ఆ కారు తిరిగితే, మా ఇంట్లో గోడమీద గడియారం సర్దుకునేది.

ఇన్నేళ్లూ ఎందుకు ఊరుకున్నాడంటే, ఆయనకది చప్పుడులా అనిపించలేదు. రోజంతా నాలుగొందల మగ్గాల మధ్య తిరిగే మనిషి. అక్కడ గోల ఉంటే పని జరుగుతున్నట్టు. గోల ఆగితేనే గుండె ఆగుతుంది, కరెంటు పోయిందో, పోగు తెగిందో అని. కారు మూలుగుతుంటే అది నిక్షేపంగా ఉందనుకునేవాడు.

పోయిన ఏడాది దసరా తరవాత నరహరి గారు వచ్చి ఆ కారు ఎక్కేదాకా.

నరహరి గారు ఆర్టీసీలో బస్సు తోలి రిటైరైన మనిషి. ఆయన కొడుకు శివకృష్ణకే సోమలింగం కూతురు హారతినిచ్చారు. ఆ రోజు స్టేషన్నుంచి ఇంటిదాకా ముందు సీట్లో కూచుని ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడినా వినిపించేది కాదనుకోండి. ఇంటి ముందు దిగి, తలుపు నెమ్మదిగా వేసి, కారు ముందుకొచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి రెండుసార్లు నిమిరి, "పాపం" అన్నారు.

అంతే. ఆపైన కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి భోంచేశారు.

ఆ 'పాపం' సోమలింగం గొంతులో చేపముల్లులా దిగబడింది. దాదాపు ఏడాది పొడుగునా మేడమెట్ల మీద నన్ను ఆపి అడిగేవాడు.

"సారూ, ఆయన పాపం అన్నది కారునా, నన్నా?"

"కారునే అయ్యుంటుందండీ."

"కారునంటె కారును చూసి అనాలె గద. నన్ను చూసి అన్నడు."

"ఇద్దర్నీ కలిపి అని ఉంటారు" అనేవాణ్ణి. అదేమంత ఓదార్పు కాదని నాకూ తెలుసు.

హారతి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మనవడు పుట్టాడు. సోమవారం తొట్టెల వేసే వేడుక పెట్టుకున్నారు. దానికి వియ్యంకుడూ వియ్యపురాలూ వస్తున్నారు. స్టేషన్‌కి నేనే వస్తా, నా కార్లనే తీసుకొస్తా అని సోమలింగం ముందే మాటిచ్చేశాడు. ఎలాగైనా సరే, చప్పుడు లేని కారులో బావగారిని ఎక్కించుకుని రావాలి. బావగారు దిగాక బానెట్ నిమరకూడదు. నిమిరినా పాపం అనకూడదు. ఆయనకి కావలసింది అంతే.

గ్యారేజీకి తీసుకెళితే మెకానిక్కు ముందు చక్రం బేరింగు మార్చాడు. చప్పుడు చెక్కుచెదరలేదు. టైర్లు మార్చమన్నాడు. మార్చాక చప్పుడు ఇంకా స్పష్టంగా వినిపించింది. మూడోసారి వెళితే, బండి ఇక్కడే వదిలేసి వెళ్లు, చూద్దాం అన్నాడు. ఆ 'చూద్దాం'లో తొట్టెల వేడుక, అన్నప్రాశన, అక్షరాభ్యాసం మూడూ దాటిపోయేలా కనబడ్డాయి సోమలింగానికి. కారు ఇంటికి తోలుకొచ్చేశాడు.

ఇంటి దగ్గర మగ్గాల పద్ధతిలో పరీక్ష చేశాడు. షెడ్డులో పక్కవాడి కేకే వినపడదు కదా, అందుకని జాబర్లు చెవిని నమ్ముకోరు. ఒక కర్రముక్క ఒక కొస యంత్రానికి ఆనించి, రెండో కొస పళ్లతో కరిచి పట్టుకుంటారు. ఏ బేరింగు ఏడుస్తోందో దవడ చెబుతుంది. కారు ముందు భాగం జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి, భార్య భూదేవిని స్టీరింగు ముందు కూచోబెట్టి, ఇంజను నడిపించి, తను కింద దూరి కర్ర కరిచాడు. బేరింగు అదురుకి దవడ అదిరింది, దవడతో తలా, తలతో భుజాలూ అదిరాయి.

సరిగ్గా అప్పుడే ఎదురింటి ఊర్మిళా బెన్ చెత్తబుట్ట పెట్టడానికి బయటికి వచ్చింది. కారు కింద మనిషి, నోట్లో కర్ర, ఒళ్లంతా వణుకు. ఆవిడ మంచి మనిషి. లోపలికి పరుగెత్తి ఉల్లిపాయ చితక్కొట్టి తెచ్చి, ఏమీ అడక్కుండా ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"దొరికిందే!" అని అరిచాడు సోమలింగం, కర్ర తీసి.

ఊర్మిళా బెన్ ఇప్పటికీ ఆ ఉల్లిపాయకే తెలివి వచ్చిందనుకుంటోంది. ఎవరూ కాదనలేదు.

అలా దొరికింది సపోర్టు బేరింగు. శనివారం సాయంత్రం ఉధ్నాలో దుకాణానికి వెళ్లి, నంబరు చెప్పి కొత్తది తెచ్చాడు. "బేరింగేసుడు నాకు కొత్తనా సారూ? పొద్దుగాల గుంజుడు, పగటీలి ఎక్కిచ్చుడు, పొద్దూకంగ స్టేషన్" అన్నాడు. ఆదివారం పొద్దున చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్టు పట్టుకున్నాడు. పానాకి పొడుగాటి పైపు తొడిగి, పైపు మీద తను నిలబడి, బ్రేకు మీద భూదేవిని నిలబెట్టి, భూదేవిచేత బ్రేకునీ మొగుణ్ణీ కలిపి తొక్కించుకుంటూ దాన్ని విప్పాడు. చక్రం ఊడింది, హబ్బు పక్కకి జరిగింది, వెనకాల బేరింగుకున్న బోల్టులు వచ్చాయి. ఇరుసు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఆ తరవాతది మొదట్లోనే చెప్పాను.

జేబులో పట్టని నూనె నేలమీద పడి, వాకిట్లో ముగ్గు వైపు బయల్దేరింది.

"గుడ్డ! గుడ్డ తే!" అని కేక వేశాడు సోమలింగం.

సూరత్‌లో గుడ్డకి కరువేమిటి! ఆ ఇంట్లో ఆ కరువు అసలే ఉండదు. మంచం కింద చీరముక్కలు, బీరువా మీద చీరముక్కలు, కిటికీకి, టీవీకి, గ్యాసుబండకి కూడా చీరముక్కలే. భూదేవి చేతికి అందినన్ని తెచ్చి పడేసింది. నేనూ, సోమలింగమూ మోకాళ్ల మీద కూచుని తుడవడం మొదలుపెట్టాం. అదంతా పాలిస్టర్. తుడిస్తే నూనె ఇటునుంచి అటు వెళ్లింది, అటునుంచి ఇటు వచ్చింది, వాకిలంతా నున్నగా నిగనిగలాడింది. గుడ్డకి మాత్రం తడి అంటలేదు. అంచున జరీ మెరుస్తూనే ఉంది.

"నూలు గుడ్డ తేవే!"

"నూలు గుడ్డలు పిలగానియి ఒక్కటే ఉన్నయి. వాటి మీద చెయ్యేస్తె నీ చేతులు నీకుండయి, చెప్తున్న."

నూనె ముగ్గు అంచు దాకా వచ్చింది. సోమలింగం లేచాడు, లోపలికి వెళ్లాడు, బీరువా తలుపు చప్పుడైంది. తిరిగి వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఒక తువ్వాల ఉంది. మడత కూడా విప్పలేదు. హారతి పెళ్లిలో నరహరి గారు స్వయంగా ఆయన భుజాన కప్పిన తువ్వాల. సిరిసిల్ల నూలు.

"ఓ అయ్యా! అది వియ్యంకుడు పెట్టింది!"

"వియ్యంకుడే ఆదుకుంటున్నడు" అని నూనెలో వేశాడు.

అది ఒక్క చుట్టు తిప్పేసరికి నూనెంతా పీల్చేసింది. మళ్లీ పిండి వేస్తే మళ్లీ పీల్చింది. సోమలింగం మోకాళ్ల మీద కూచుని దానివైపు ముచ్చటగా చూశాడు. "చూసినవా సారూ? మా ఊరి మాల్!"

వాకిలి ఆరింది. ఫోను ఆరలేదు. భూదేవి దాన్ని బియ్యం డబ్బాలో పెట్టనివ్వలేదు, "రేపు చుట్టాలకు గేరు బువ్వ పెడుదమా" అని. నా ఫోనునుంచి నరహరి గారికి చేశాను.

"ఏంది సారూ, బావగారి ఫోన్ల బుడబుడ సప్పుడొచ్చింది?"

"తలంటుకుంటున్నారండీ."

ఏ నూనెతోనో ఆయన అడగలేదు.

"సరే గని, మేం ఆటోల వస్తం అని చెప్పుండ్రి. ఆ కారు సంగతి నాకెరుకే గద." నిట్టూర్చి, "పాపం" అన్నారు.

స్పీకరు మీద పెట్టడం నాదే బుద్ధితక్కువ. సోమలింగం ఇరుసు భుజాన వేసుకుని ఓట్లో మీదికి, అదే, ఇంటి ముందు అరుగు మీదికి నడిచాడు.

పాత బేరింగుని పైపుముక్క ఆనించి సుత్తితో కొడితే ఊడొచ్చింది. చేత్తో తిప్పితే లోపల గుళ్లు గిలక్కాయలో రాళ్లలా గలగలమన్నాయి. కొత్తది ఎక్కించడమే అసలు పని. బేరింగు బిగువు, ఇరుసు బిగువు. ఒకదాన్ని వేడిచేసి కాస్త సాగదియ్యాలి, ఇంకోదాన్ని చల్లబెట్టి కాస్త ముడుచుకునేలా చెయ్యాలి. షెడ్డులో అయితే పాత డబ్బాలో నూనె కాచి పని కానిచ్చేస్తారు. ఇంట్లో భూదేవి అప్పుడే వియ్యాలవారికి గారెలు వేద్దామని బాణలి పొయ్యి మీద పెట్టి, నూనె పోసి, పిండి తేవడానికి వెనక్కి తిరిగింది.

తిరిగి చూసేసరికి బాణలిలో బేరింగుంది.

"ఏమయ్యా!"

"సిమ్ముల పెట్టిన. నీ గారెల తీరుగ ఎర్రగ ఏగద్దు, జర పెయ్యి ఎచ్చబడితె సాలు." గరిటెతో దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

వంటింటి కిటికీ ఎదురుగా ఊర్మిళా బెన్ వంటింటి కిటికీ. ఆవిడ మెడ సాచి, "భూదేవీబెన్, భజియా?" అనడిగింది.

భూదేవి ఏం చెబుతుంది? "హా బెన్" అంది. ఊర్మిళా బెన్ కిటికీలోంచే ఒక గిన్నె అందించింది, తనకో నాలుగు పెట్టమని.

ఈలోగా ఇరుసు ఫ్రిజ్జులోకి వెళ్లింది. సగం వెళ్లింది. మిగతా సగం బయటికి పొడుచుకుని ఉంటే, తలుపు పూర్తిగా పడక, ఫ్రిజ్జు చుట్టూ పాలిస్టర్ చీరముక్క తిప్పి కట్టేశాడు. పొద్దుట్నుంచీ ఆ గుడ్డ పనికొచ్చింది అప్పుడే. పెరుగు, పాలు, తొట్టెల కోసం తెచ్చిన పూలు అన్నీ బయట నేలమీద కూచున్నాయి.

హారతి పిల్లాణ్ణి భుజానేసుకుని గదిలోంచి వచ్చి ఫ్రిజ్జువైపు చూసింది. "బాపూ, ఇదేంది?"

సోమలింగం కంటే ముందు భూదేవి అందుకుంది. "బాలింత ఉన్న ఇంట్ల ఇనుము ఉండాలంటరు బిడ్డా. మీ బాపు మంచం కింద కత్తి పెడితె సాలదనుకున్నడు."

పిల్లాడు ఇరుసు చూసి ఏడవలేదు. తాతని చూసి ఏడిచాడు. గేరునూనె తలకి పట్టించుకున్న తాత ఎవరికైనా కొత్తే కదా.

బేరింగు వేడెక్కింది, ఇరుసు చల్లబడింది. ఆ తరవాత జరిగింది మాత్రం కళ్లారా చూడాల్సిందే. బాణలిలోంచి పట్టకారుతో బేరింగు తీశాడు. వరండాలో నేను ఇరుసు నిటారుగా పట్టుకుని నిలబడ్డాను. ఆయన పట్టకారు రెండు చేతులా పట్టుకుని బేరింగు పైనుంచి జారవిడిచాడు. సుర్రుమంటూ జారి, తన చోటుకి వెళ్లి, టక్కుమని కూచుంది. సుత్తి అవసరమే పడలేదు. సోమలింగం సుత్తి పట్టుకుని కాసేపు నిలబడి, వృథాగా పోనివ్వడం ఇష్టంలేక, మెల్లిగా ఒక్క దెబ్బ పక్కన గడపమీద కొట్టాడు.

లాకు రింగు బిగించి, ఇరుసుని తిరిగి గేరుబాక్సులోకి దూర్చి, బోల్టులన్నీ బిగించి, మళ్లీ భూదేవిని బ్రేకు తొక్కమని కూచోబెట్టి పెద్ద నట్టు బిగించి, నేను స్కూటరు మీద వెళ్లి తెచ్చిన కొత్త నూనెని నీళ్ల సీసా కోసి గరాటు చేసి పోసి, చక్రం పెట్టి, జాకీ దింపేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఊర్మిళా బెన్ గిన్నె నిండా గారెలు వెళ్లాయి. బాణలి కడిగి, వేరే మంచినూనె పోసి వేసినవే. ఆవిడ మాత్రం ఒకటి కొరికి, గట్టిగా ఉంటాయనుకున్నాను, మెత్తగానే ఉన్నాయే అంది. ఏం చూసి ఉంటుందో ఆలోచించడం మానేశాం.

ఇక పరీక్ష. వీధి చివరిదాకా ఒక్క రౌండు. సోమలింగం స్టీరింగు ముందు, నేను పక్కన. కారు కదిలింది. రెండిళ్లు దాటగానే ఆయన ముఖం తెల్లబోయింది.

"బంద్ పడ్డది సారూ!" అని తాళం తిప్పాడు.

నడుస్తున్న ఇంజనుకి తాళం తిప్పితే అది ఎలా అరుస్తుందో మీకు తెలిసే ఉంటుంది. కర్ర్‌మన్న ఆ అరుపుకి వీధి కుక్క లేచి వెళ్లిపోయింది.

"నడుస్తోందండీ! ఇంజను ఆగలేదు. చప్పుడు లేదంతే!"

"సప్పుడు లేకుంటె నడుస్తున్నదా ఆగిందా ఎట్ల తెలవాలె?"

"కిటికీలోంచి చూడండి. ఇళ్లు వెనక్కి వెళుతున్నాయి."

చూశాడు. నిజమే, వెళుతున్నాయి. ఆయనకి అప్పటికి నమ్మకం కుదిరింది గానీ, కొత్త చిక్కు వచ్చింది. ఇన్నేళ్లూ ఆయన గేర్లు మార్చింది కన్నుతో కాదు, ఆ బేరింగు రాగంతో. గుర్రు గూంకారం దాకా వస్తే రెండో గేరు. గూంకారం కాస్తా గర్జన అయితే మూడు. ఇప్పుడు రాగం లేదు. మొదటి గేరులోనే వీధి చివరిదాకా వెళ్లి, అక్కడ ఒక్కసారిగా నాలుగు వేస్తే కారు దగ్గి నిలబడిపోయింది. తాళం తిప్పడానికి ఈసారి నా అనుమతి అడిగాడు.

చివరికి ఉపాయం ఆయనే కనిపెట్టాడు. నోటితో ఆ చప్పుడు తనే చేశాడు. "గుర్ర్... గూం..." అని పాడుతూ గేర్లు మార్చుకుంటే బండి వెన్నలా సాగింది. ఇంటి ముందు ఆపేసరికి భూదేవి చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది.

"సప్పుడు ఇంక పోలేదు గద?"

"అది కారుది కాదు, నాది" అన్నాడు సోమలింగం గర్వంగా.

స్టేషన్‌కి నన్ను కూడా రమ్మన్నాడు. సామాన్లు మొయ్యడానికి అన్నాడు గానీ, సాక్షి కోసమని నాకు తెలుసు. భూదేవి కొత్త చీర కట్టుకుని వెనక కూచుంది. దారి పొడుగునా ఆయన గొంతులోనే మూలుగుతూ, ఉధ్నా చేరేసరికి నోటితో అవసరం లేకుండానే గేర్లు మార్చేంత సాధన చేశాడు. తలకి రెండుసార్లు సబ్బు పెట్టి రుద్దుకున్నా కారంతా ఓ మోస్తరు గేరునూనె వాసన. అది కారు వాసనే అనుకుంటారులే అని భూదేవి ధైర్యం చెప్పింది.

బండి వేళకే వచ్చింది. నరహరి గారు పెద్ద మనిషి, పొడుగరి. పక్క పెట్టెలో ఎవరో భజన బృందం రాత్రంతా తాళాలు వాయించిందట, ఆయన కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ఆటోల వస్తమంటిమి గద బావగారూ."

"ఎక్కుండ్రి బావగారూ, ఎక్కి చూడుండ్రి." సోమలింగం తలుపు స్వయంగా తీసి పట్టుకున్నాడు.

నరహరి గారు ఎక్కేముందు అలవాటు కొద్దీ కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, టైరుని కాలితో తట్టి చూశారు. ముందు సీట్లో కూచుని, అద్దం తనకి కనబడేలా తిప్పుకున్నారు. సోమలింగం అద్దం లేకుండానే నడిపాడు. వియ్యపురాలు, భూదేవి, నేను వెనక. నా ఒళ్లో రెండు సంచులు, సంచుల మీద సకినాల డబ్బా.

కారు కదిలింది. మూలుగు లేదు. గుర్రు లేదు. గర్జన లేదు. నేనైతే ఆ కారులో మొదటిసారి బయటి ప్రపంచాన్ని విన్నాను. రిక్షా బెల్లు, ఎవరో బేరమాడడం, సకినాల డబ్బాలో సకినాల గలగల. సోమలింగం తిన్నగా రోడ్డునే చూస్తున్నాడు గానీ, చెవి మాత్రం ఎడమవైపు, బావగారి నోటి మీద ఉంది.

మొదటి సిగ్నల్ దగ్గర నరహరి గారు కళ్లు మూసుకున్నారు.

సోమలింగం అద్దం కోసం చూసి, అది అటు తిరిగి ఉందని గుర్తొచ్చి, మెడ తిప్పి నాకు కళ్లతో సైగ చేశాడు. చూసినవా, కళ్లు మూసుకొని ఇంటుండు, అని దాని అర్థం. ముఖం వెలిగిపోయింది. గేరు మూడులోకి మార్చాడు, పూలు అందించినంత మెల్లగా.

రెండో సిగ్నల్ దగ్గర గురక మొదలైంది.

నాలుగేళ్లుగా ఆ కారులో బేరింగు ఏ స్థాయిలో పాడేదో ఆ గురక దాదాపు అదే స్థాయిలో ఉంది. సోమలింగానికి గేర్లు మార్చడం సులువైంది గానీ, ముఖంలో వెలుగు ఆరిపోయింది.

ముందు దగ్గాడు. గురక ఆగలేదు. హారన్ కొట్టాడు. ఆర్టీసీలో జీవితమంతా హారన్ కొట్టిన మనిషికి హారన్ జోలపాటతో సమానం, నరహరి గారు ఇంకాస్త జారి హాయిగా సర్దుకున్నారు. స్పీడు బ్రేకరు మీదుగా కారుని ఎగరేశాడు. వెనక మా తలలు పైకప్పుకి తగిలాయి, డబ్బాలో సకినాలు సగం పొడయ్యాయి, ముందు సీట్లో గురక ఒక్క చుట్టు తిరిగి మళ్లీ దారిన పడింది.

"పండనీయుండ్రి అన్నయ్యా," అంది వియ్యపురాలు. "రాత్రంత కంటిమీద కునుకు లేదు ఆయనకు."

సోమలింగం ఆవిడనైనా అడుగుదామనుకున్నాడు. "చెల్లె, కారు ఎట్లున్నది?"

ఆవిడ అటూ ఇటూ చూసి, మర్యాదగా, "మంచిగున్నదన్నయ్యా. సీటు కవర్లు కొత్తయా?" అంది.

పాండేసరా వచ్చింది, బమ్రోలి వచ్చింది, మా వీధి వచ్చింది. వాకిట్లో హారతి పిల్లాణ్ణి ఎత్తుకుని, గడప దగ్గర కాళ్లు కడుక్కోవడానికి నీళ్ల చెంబు పెట్టుకుని నిలబడి ఉంది. పక్కన ఊర్మిళా బెన్ కూడా ఉంది, ఉల్లిపాయ లేకుండా. కారు వాళ్ల ముందునుంచే నిశ్శబ్దంగా వెళ్లిపోయింది.

బండి తిప్పుకోవడానికేమో అనుకుంది భూదేవి. నేనూ అలాగే అనుకున్నాను. వీధి చివర తిరిగి, పెద్ద రోడ్డెక్కి, మళ్లీ వీధిలోకి వచ్చి, మళ్లీ ఇంటిముందునుంచి వెళ్లాం. హారతి ఈసారి చెయ్యి ఊపింది. చెయ్యి ఊపితే ఊరికెళ్లే వాళ్లకి ఊపినట్టుందని ఊర్మిళా బెన్ కూడా ఊపింది. నరహరి గారి తల కిటికీకి ఆనుకుని ఉంది, నోరు కాస్త తెరుచుకుని ఉంది, ముఖంలో ప్రశాంతత తప్ప మరేమీ లేదు. మూడోసారి ఇంటి ముందుకి వచ్చినప్పుడు కారు కాస్త నెమ్మదించింది. సోమలింగం పక్కకి చూశాడు. గురక వినబడింది. మళ్లీ గేరు మార్చాడు.

భూదేవి ఇక ఊరుకోలేదు. ముందు సీటు పట్టుకుని లేచినంత పని చేసింది.

"ఏమయ్యా, నీకేమన్న అయ్యిందా? ఇల్లు మల్ల దాటిపాయె! బిడ్డ పచ్చి బాలింత, చంటిపిలగాన్ని ఎత్తుకొని వాకిట్ల నిలవడ్డది, చుట్టాలు పొద్దటి సంది అన్నం తినలే, ఇంక ఎన్ని సుట్లు తిప్పుతవయ్యా?"

సోమలింగం వీధి చివర స్టీరింగు తిప్పుతూ, వెనక్కి చూడకుండా, గొంతు బాగా తగ్గించి అన్నాడు.

"జర ఆగవే, బావగారు ఇంక ఇనలే."